ఐదు ట్రేసింగ్ కాగితాలతో సరిహద్దుల పాఠం ఎలా చెప్పాలి

పొలం ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లలకు గట్టు తగాదా అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పక్క పొలం వాడు దున్నినప్పుడల్లా గట్టును జానెడు జానెడు ఇటు తోస్తాడు. కొన్నేళ్లు పోయాక సర్వేయర్ వచ్చి కొలిస్తే సెంట్లకు సెంట్లు తేడా వస్తుంది. దేశాల సరిహద్దుల పాఠం మొదలుపెట్టడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

నేను చాలాకాలం ఈ పాఠాన్ని మ్యాప్ పాయింటింగ్‌లాగే చెప్పాను. యుద్ధానికి ముందు ఒక మ్యాపు, తర్వాత ఒక మ్యాపు. పిల్లలు రెండూ గీసేవారు, రంగులు వేసేవారు, మార్కులు తెచ్చుకునేవారు. ఒకసారి చివరి బెంచీలో అమ్మాయి లేచి, "సార్, గీత జరిగింది సరే, అక్కడున్న మనుషులు ఎటు పోయారు?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. మ్యాపులోనూ లేదు. అప్పటినుంచి పద్ధతి మార్చాను. కింద ఒక అడుగు మ్యాపు, దాని మీద ఒక్కో కాలపు సరిహద్దుకు ఒక్కో ట్రేసింగ్ కాగితం గీయించి ఒకదాని మీద ఒకటి పెట్టిస్తాను. ఎనిమిది నుంచి పదో తరగతి పిల్లలకు, నలభై అయిదు నిమిషాల పీరియడ్లు నాలుగు దొరికితే చాలు. ఇంట్లో మీ పిల్లలకు చెప్పాలన్నా ఇదే పద్ధతి పనికొస్తుంది.

ముందు ఒక్క దేశాన్ని ఎంచుకోండి

ప్రపంచం మొత్తం చెప్పాలనుకుంటే ఏదీ చెప్పలేం. నేను పోలండ్‌నే తీసుకుంటాను. 1795లో మ్యాపు మీద నుంచి పూర్తిగా మాయమై, 1918లో తిరిగొచ్చి, 1945లో ఉన్నచోట నుంచి సుమారు 200 కిలోమీటర్లు పడమటికి జరిగిన దేశం అది. సామ్రాజ్యాలు మింగడం, యుద్ధం తర్వాత పుట్టడం, పెద్దల ఒప్పందంతో జరగడం, మూడు రకాల మార్పులూ ఒకే నేల మీద కనిపిస్తాయి.

ఇంకో కారణం కూడా ఉంది. మన పిల్లలకు పోలండ్ తెలియదు కాబట్టి ఎవరి పక్షమూ తీసుకోరు. ఇండియా–పాకిస్తాన్‌తో మొదలుపెడితే క్లాసు పది నిమిషాల్లో క్రికెట్ మ్యాచ్ అయిపోతుంది.

మొదటి రోజు బోర్డు మీద పోలండ్ అని రాయకండి. పీరియాడిక్ టేబుల్ తీయమనండి. 84వ మూలకం పొలోనియం. మేరీ క్యూరీ దంపతులు దాన్ని 1898లో కనుగొన్నారు. ఆమె 1867లో, ఇప్పటి పోలండ్ రాజధాని వార్సాలో పుట్టింది, తన దేశం పేరే మూలకానికి పెట్టింది. ఇప్పుడు 1898 నాటి ఐరోపా మ్యాపు ఇచ్చి పోలండ్‌ను వెతకమనండి. వెతుకుతారు, వెతుకుతారు, దొరకదు. వార్సా మాత్రం రష్యా రంగులో దొరుకుతుంది. "లేని దేశం పేరు ఎలా పెట్టింది సార్?" అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న వచ్చిందంటే సగం పాఠం అయినట్టే. జవాబు మాత్రం అప్పుడే చెప్పకండి.

సామాను

ఇద్దరికో సెట్టు చొప్పున: ఒక ఏ4 తెల్ల కాగితం, అయిదు ట్రేసింగ్ పేపర్లు, ఒక గ్రాఫ్ పేపరు, నాలుగైదు రంగుల స్కెచ్ పెన్నులు, పరీక్ష అట్ట, రెండు క్లిప్పులు. ట్రేసింగ్ పేపరు ఖరీదనిపిస్తే బటర్ పేపర్ కొనండి. అదీ కుదరకపోతే మామూలు కాగితానికి దూదితో కాస్త నూనె రాసి ఆరబెడితే అవతలిది కనిపిస్తుంది, కాకపోతే చేతులు జిడ్డవుతాయి. వీటితోపాటు మూడు అగ్గిపుల్లలు. అవి ఎందుకో తర్వాత చెప్తాను.

అడుగు మ్యాపు: గీతలు లేని నేల

ఏ4 కాగితాన్ని అడ్డంగా పెట్టించండి. స్కేలు 1 సెంటీమీటరుకు 50 కిలోమీటర్లు. ఈ కాగితం మీద ఏ దేశం సరిహద్దూ ఉండకూడదు. పైన బాల్టిక్ సముద్ర తీరం, కింద కార్పాతియన్ కొండలు, మధ్యలో నదులు. విస్తులా, ఓడర్, దానిలో కలిసే నైస్సె, తూర్పున బగ్, దిగువన సాన్. ఇంకా తూర్పుకు నేమన్, నీపర్. నదులన్నీ నీలంలో, పెన్సిలుతో కాకుండా స్కెచ్ పెన్నుతోనే గీయించండి. ఎందుకంటే ఇవి చెరిగేవి కావు.

నగరాలకు నల్ల చుక్కలు పెట్టించండి. పేర్లు మాత్రం రాయనివ్వకండి. పిల్లలు గొణుగుతారు, పేరు లేని చుక్క ఏమిటని. పేర్లు కూడా సరిహద్దులతోపాటే మారాయి కాబట్టి అవి పై కాగితాల మీదకు వెళ్లాలి. వార్సా, క్రాకోవ్, పోజ్నాన్, గ్దాన్స్క్, వ్రోత్స్వావ్, విల్నియస్, ల్వీవ్, కాలినిన్‌గ్రాడ్, ఈ ఎనిమిది చాలు. కాలినిన్‌గ్రాడ్ అంటే పాత కోనిగ్స్‌బర్గ్. ఒక్కో వంతెననూ ఒక్కసారే దాటుతూ ఊరు తిరగగలమా అనే ఏడు వంతెనల లెక్క పుట్టిన ఊరు అదేనని చెబితే లెక్కల మాస్టారు కూడా మీ క్లాసులోకి తొంగిచూస్తారు.

ఈ మ్యాపు గీశాక ఒక్క నిమిషం ఆగి, "ఈ నేలకు తూర్పున, పడమర అడ్డు ఏముంది?" అని అడగండి. కింద కొండలున్నాయి, పైన సముద్రం ఉంది. తూర్పు పడమరల్లో ఏమీ లేదు, చదునైన మైదానం. సైన్యాలు ఏ దిక్కునుంచైనా నడిచి రావచ్చు. ఆగేది నదుల దగ్గరే. అందుకే గీతలు కూడా పదేపదే నదుల మీదకే వచ్చి పడ్డాయి. ఇది మీరు చెప్పకూడదు, అయిదో కాగితం దగ్గరికి వచ్చేసరికి వాళ్లే చెప్పాలి.

కొలత సరిచూసుకోవడం (ఇక్కడే అందరూ తప్పు చేస్తారు)

నేను మొదటిసారి చేసినప్పుడు ఇంటర్నెట్లో నాలుగు చోట్ల నుంచి నాలుగు మ్యాపులు ప్రింటు తీశాను. ఒకదాని మీద ఒకటి పెడితే వార్సా మూడు చోట్ల కనిపించింది. పిల్లలు నవ్వారు. ఆ రోజు నా టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

ఆ చిక్కు ఇలా తప్పించుకోండి. ప్రతి మ్యాపులోనూ గ్దాన్స్క్, క్రాకోవ్, విల్నియస్, ఈ మూడు చుక్కలూ పట్టుకోండి. మన స్కేలులో గ్దాన్స్క్ నుంచి క్రాకోవ్‌కు సుమారు 9.7 సెంటీమీటర్లు, గ్దాన్స్క్ నుంచి విల్నియస్‌కు 8.6, క్రాకోవ్ నుంచి విల్నియస్‌కు 12.6 రావాలి. మీ ప్రింటులో మొదటి దూరం 7.5 మాత్రమే ఉందనుకోండి, 9.7ను 7.5తో భాగించండి, 1.29 వస్తుంది. జిరాక్స్ షాపులో 129 శాతానికి పెంచమని చెప్పండి. మూడు దూరాల్లో రెండు కుదిరి మూడోది అర సెంటీమీటరు కంటే ఎక్కువ తేడా వస్తే ఆ మ్యాపు ప్రొజెక్షనే (గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరిచే పద్ధతే) వేరు. దానితో కుస్తీ పట్టకండి, పారేసి ఇంకోటి వెతకండి.

ప్రతి ట్రేసింగ్ పేపరు మీద ముందుగా ఈ మూడు చుక్కలే వేయించాలి. ఆ తర్వాతే మిగతాది.

మొదటి కాగితం: 1771

ఇక్కడ ఒకే గీత, కానీ చాలా పెద్దది. 1569లో లుబ్లిన్‌లో జరిగిన ఒప్పందంతో పోలండ్, లిథువేనియా ఒకే రాజ్యమయ్యాయి. 1771 నాటికి అది సుమారు 7,30,000 చదరపు కిలోమీటర్లు. ఇప్పటి పోలండ్, లిథువేనియా, బెలారస్, ఉక్రెయిన్‌లో పెద్ద భాగం అందులోవే. గ్రాఫ్ పేపరు కింద పెట్టి గళ్లు లెక్కపెట్టించండి. మన స్కేలులో చదరపు సెంటీమీటరు అంటే 2,500 చదరపు కిలోమీటర్లు. కాబట్టి 290 గళ్ల చుట్టుపక్కల రావాలి. పదిహేను గళ్లు అటూ ఇటూ అయినా ఫరవాలేదు. ఆ సంఖ్యను కాగితం మూల రాయించండి.

ఈ లెక్కింపు వృథా పని అని కొందరు టీచర్లు నాతో వాదించారు. నాకైతే ఇదే గుండెకాయ. కోల్పోయింది ఎంతో చేత్తో లెక్కపెట్టిన పిల్లవాడు దాన్ని మరిచిపోడు.

రెండో కాగితం: మూడు పంపకాలు

పంపకం అనే మాటనే వాడండి. మన పిల్లలకు అది అన్నదమ్ముల మాట, వెంటనే అర్థమవుతుంది. తేడా ఏమిటంటే ఇక్కడ పంచుకున్నవాళ్లు ఇంటివాళ్లు కారు, ఇరుగుపొరుగు. ప్రష్యా (తర్వాత జర్మనీకి మూలమైన రాజ్యం), రష్యా, ఆస్ట్రియా.

ఈ మూడింటికీ మూడు రంగులు. మూడు సంవత్సరాలకూ మూడు రకాల నింపుడు: 1772కు అడ్డగీతలు, 1793కు నిలువుగీతలు, 1795కు చుక్కలు. 1772లో రష్యా సుమారు 92,000, ఆస్ట్రియా 83,000, ప్రష్యా 36,000 చదరపు కిలోమీటర్లు తీసుకున్నాయి. పోలండ్ నేలలో దాదాపు మూడు పదులవంతులు పోయాయి. "అందరికంటే తక్కువ తీసుకున్న ప్రష్యాకు తెలివి లేదా?" అని అడగండి. మ్యాపు చూడమనండి. ప్రష్యాకు దక్కింది బాల్టిక్ తీరం పక్కనున్న ముక్క. విస్తులా మీదుగా సముద్రానికి వెళ్లే ధాన్యమంతా ఆ దారినే పోవాలి. పైగా ప్రష్యాలో విడివిడిగా ఉన్న రెండు భాగాలు దానితో కలిసిపోయాయి. మన ఊళ్లలో కూడా పదెకరాల మెట్ట కంటే కాలవ పక్కన రెండెకరాలే మేలు కదా.

1793 పంపకంలో ఆస్ట్రియా లేదు. ఈ మధ్యలో, 1791 మే 3న పోలండ్ ఒక కొత్త రాజ్యాంగం రాసుకుని తనను తాను బాగుచేసుకోవడానికి చూసింది. పొరుగువాళ్లకు అదే కంటగింపయింది. 1794లో పోలండ్ సేనాని కొష్చుష్కో నాయకత్వంలో తిరుగుబాటు జరిగింది, అణచివేశారు. 1795తో కాగితం మీద తెల్ల చోటు అయిపోతుంది.

ఇప్పుడు రెండో కాగితాన్ని మొదటిదాని మీద పెట్టించండి. క్లాసు కాసేపు నిశ్శబ్దంగా ఉంటుంది. అప్పుడు చెప్పండి: 1797లో ఈ ముగ్గురూ ఇంకో ఒప్పందం రాసుకున్నారు, పోలండ్ రాజ్యం అనే పేరే ఇకమీదట వాడకూడదని. నేల తీసుకోవడంతో ఊరుకోలేదు, పేరు కూడా చెరిపేశారు. నూరేళ్ల తర్వాత వార్సా అమ్మాయి ఆ పేరును పీరియాడిక్ టేబుల్‌లో ఎందుకు పెట్టిందో పిల్లలకు ఇప్పుడు తెలుస్తుంది.

1807లో నెపోలియన్ పెట్టిన వార్సా డచీని, 1815 వియన్నా కాంగ్రెస్ మార్పుల్ని నోటితో చెప్పి ముందుకు వెళ్లండి. వాటికి కాగితం వేస్తే పిల్లలు అలసిపోతారు. 1815 తర్వాత వార్సా రష్యా జార్ కిందకు వచ్చిందన్న ఒక్క సంగతీ తప్పనిసరి.

మూడో కాగితం: 1922

మొదటి ప్రపంచయుద్ధంలో ఈ మూడు సామ్రాజ్యాలూ కూలాయి. 1918 నవంబరు 11న పోలండ్ మళ్లీ లేచింది. కానీ గీతలు ఒక్కరోజులో రాలేదు. పడమటి గీత చాలావరకు 1919 వెర్సాయ్ సంధిలో తేలింది, దాంతోపాటు సముద్రానికి ఒక సన్నటి దారి కూడా దొరికింది. దాని మొనలో ఉన్న డాన్‌జిగ్ (ఇప్పటి గ్దాన్స్క్) మాత్రం పోలండ్‌కూ కాదు, జర్మనీకీ కాదు, విడి నగరం. తూర్పు గీత కోసం సోవియట్లతో యుద్ధం జరిగి, 1921 మార్చిలో రీగాలో ఒప్పందమైంది. మొత్తం సుమారు 3,89,000 చదరపు కిలోమీటర్లు, అంటే 156 గళ్లు.

ఇదే కాగితం మీద ఎర్ర చుక్కలతో ఇంకో గీత వేయించండి. యుద్ధం మధ్యలో, 1920 జులైలో, బ్రిటన్ విదేశాంగ మంత్రి పేరుతో ప్రతిపాదించిన కర్జన్ రేఖ అది. పేరు ఎక్కడో విన్నట్టుందా? 1905లో బెంగాల్‌ను చీల్చిన వైస్రాయ్ కర్జనే ఈయన. పిల్లలకు ఈ సంగతి చెప్పినప్పుడు వాళ్ల మొహాలు చూడాలి. ఆ రోజు ఆ రేఖను ఎవరూ పట్టించుకోలేదు. దాన్ని మరిచిపోవద్దని చెప్పండి, మళ్లీ వస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన హెచ్చరిక. దేశమంతా ఒకే రంగు నింపనివ్వకండి. ఈ గీతల లోపల పోల్‌లతో (పోలిష్ జనంతో) పాటు ఉక్రెయిన్‌వాళ్లు, బెలారస్‌వాళ్లు, యూదులు, జర్మన్లు, లిథువేనియన్లు ఉన్నారు. ఒకే రంగు వేస్తే అందరూ ఒకటే అనిపిస్తుంది, అది అబద్ధం. నేను అంచు మాత్రమే రంగు వేయిస్తాను, లోపల ఖాళీ.

నాలుగో కాగితం: 1939

రెండు తేదీలు, రెండు గీతలు. ఆగస్టు 23న జర్మనీ, సోవియట్ యూనియన్ మాస్కోలో యుద్ధం చేసుకోబోమని ఒప్పందం చేసుకున్నాయి. దానికి ఒక రహస్య పత్రం జతచేశారు. అందులో పోలండ్‌ను చీల్చే గీత నరెవ్, విస్తులా, సాన్ నదుల మీదుగా పోతుంది. సెప్టెంబరు 1న జర్మనీ పడమటి నుంచి, 17న సోవియట్ సైన్యం తూర్పు నుంచి దిగాయి. సెప్టెంబరు 28న ఇద్దరూ మళ్లీ కూర్చుని గీతను మార్చుకున్నారు. మధ్యభాగంలో అది విస్తులా నుంచి బగ్ నదికి జరిగింది, బదులుగా లిథువేనియా సోవియట్ల వాటాలోకి పోయింది. ఆ రెండో ఒప్పందం మ్యాపు మీద స్టాలిన్, జర్మనీ విదేశాంగ మంత్రి రిబ్బెన్‌ట్రాప్ ఇద్దరి సంతకాలూ ఉన్నాయి.

అడుగు మ్యాపు మీద నదులు ఎందుకు గీయించామో ఇప్పుడు అర్థమవుతుంది. పిల్లలు వేలితో విస్తులా నుంచి బగ్‌కు గీత ఎగరడం చూపిస్తారు. మధ్యలో ఎన్ని ఊళ్లున్నాయో చూడమనండి. అయిదు వారాల్లో ఆ ఊళ్లవాళ్ల తలరాత ఒక టేబుల్ మీద రెండుసార్లు మారింది.

ఈ కాగితం దగ్గర మ్యాపు చేతగానితనాన్ని కూడా ఒప్పుకోవాలి. ఆక్రమణ కాలంలో సుమారు 30 లక్షల మంది పోలండ్ యూదుల్ని నాజీలు చంపేశారు. ఆ సంగతిని ఏ గీతా చూపించదు. ఇక్కడ నేను రంగులు, గళ్లు పక్కన పెట్టిస్తాను, దాని గురించి విడిగా మాట్లాడతాను. ఆట వస్తువుల మధ్య చెప్పే మాట కాదది.

ఈ గీత మన దేశం దాకా ఎలా వచ్చిందో కూడా చెప్పండి. తూర్పు సగాన్ని తీసుకున్నాక సోవియట్ ప్రభుత్వం లక్షలమందిని సైబీరియా, మధ్య ఆసియాలకు తరలించింది. వాళ్లలో కొందరు బయటపడి ఇరాన్ మీదుగా ఇండియా చేరారు. 1942లో వందలాది పోలిష్ పిల్లలకు గుజరాత్‌లో జామ్‌నగర్ దగ్గర బాలాచడిలో నవానగర్ మహారాజు ఆశ్రయమిచ్చారు. కొల్హాపూర్ దగ్గర వలివడేలో కొన్ని వేలమంది ఉన్నారు. యుద్ధం ముగిశాక వాళ్లలో చాలామందికి ఇంటికి వెళ్దామంటే ఇల్లు పోలండ్‌లో లేదు.

అయిదో కాగితం, మూడు అగ్గిపుల్లలు

ఇప్పుడు అగ్గిపుల్లలు తీయండి. 1943 నవంబరు చివర్లో టెహ్రాన్‌లో రూజ్‌వెల్ట్, స్టాలిన్, చర్చిల్ కలిశారు. అక్కడ చర్చిల్ మూడు అగ్గిపుల్లలు పెట్టి, పోలండ్‌ను పడమటికి ఎలా జరపవచ్చో స్టాలిన్‌కు చూపించాడు. కుడిపుల్ల సోవియట్ యూనియన్, మధ్యది పోలండ్, ఎడమది జర్మనీ. కుడిదాన్ని ఎడమకు తోస్తే మధ్యది ఎడమకు జరుగుతుంది, అది ఇంకోదాన్ని తోస్తుంది. అంతే.

ముగ్గురు పిల్లల్ని టేబుల్ దగ్గరికి పిలిచి ఇదే చేయించండి. నాలుగో పిల్లవాణ్ని తలుపు బయట నిలబెట్టండి. వాడు పోలండ్. పోలండ్ ప్రభుత్వం అప్పుడు లండన్‌లో ప్రవాసంలో ఉంది, ఆ గదిలోకి దానికి పిలుపు లేదు. అయిపోయాక లోపలికి రానిచ్చి, "నీ దేశం ఎక్కడుందో చూసుకో" అనండి. ఒకసారి నా క్లాసులో ఆ పిల్లవాడు నిజంగానే అలిగాడు. దాని గురించి నేను చెప్పాల్సినదేమీ మిగల్లేదు.

తర్వాత అయిదో కాగితం గీయించండి. 1945 ఫిబ్రవరిలో యాల్టాలో, జులై–ఆగస్టుల్లో పోట్స్‌డామ్‌లో పెద్దల సమావేశాలు జరిగాయి. తూర్పున బగ్ నది, దాదాపుగా ఆ పాత కర్జన్ రేఖ. పడమరన ఓడర్, నైస్సె నదులు. తూర్పున పోయింది సుమారు 1,80,000 చదరపు కిలోమీటర్లు, పడమరన, ఉత్తరాన వచ్చింది లక్ష పైచిలుకు. మిగిలింది 3,12,000, అంటే 125 గళ్లు. 1922 కాగితం మీద పెట్టి లెక్క సరిచూడమనండి. 156లోంచి తూర్పున పోయిన 72 తీసి, వచ్చిన 41 కలిపితే సరిపోతుంది.

పేర్లు ఇప్పుడు రాయించండి. బ్రెస్లావ్ వ్రోత్స్వావ్ అయింది, డాన్‌జిగ్ గ్దాన్స్క్ అయింది, విల్నో విల్నియస్ అయింది. జర్మన్లను పడమటికి పంపేశారు. ల్వీవ్ వైపు నుంచి వచ్చిన పోల్‌లలో చాలామంది వ్రోత్స్వావ్‌లో దిగారు. మనుషులతోపాటు ల్వీవ్‌లోని ఒసోలినియం గ్రంథాలయం పుస్తకాల్లో కొంత భాగం, రత్స్‌వవిత్సే యుద్ధాన్ని చూపే పెద్ద గుండ్రటి చిత్రం కూడా వచ్చాయి. ఆ చిత్రంలో ఉన్నది 1794లో కొష్చుష్కో గెలిచిన యుద్ధమే. ల్వీవ్‌లో గీసిన బొమ్మ, వ్రోత్స్వావ్‌లో వేలాడుతోంది. సరిహద్దు జరగడమంటే ఏమిటో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి వస్తువు తెలియదు.

కొత్త పడమటి గీతను అందరూ వెంటనే ఒప్పుకోలేదు. తూర్పు జర్మనీ 1950లో ఒప్పుకుంది. ఏకమైన జర్మనీ 1990 నవంబరులో సంతకం పెట్టింది. గీత గీయడానికి ఒక సాయంత్రం చాలు, అది కుదురుకోవడానికి నలభై అయిదేళ్లు పట్టింది.

ఇల్లు కదలని ముసలమ్మ

ఇది నాలుగో పీరియడ్. పరీక్ష కూడా ఇదే. ల్వీవ్ చుక్క మీద వేలు పెట్టమనండి. 1910లో అక్కడ ఒక ఇంట్లో ఒక పాప పుట్టిందనుకుందాం. 1992 దాకా అదే ఇంట్లో ఉంది, ఒక్కసారి కూడా ఇల్లు మారలేదు. ఆమె ఎన్ని ప్రభుత్వాల కింద బతికింది? కాగితాలు ఒక్కొక్కటే తీస్తూ, మీరిచ్చిన చిన్న తేదీల పట్టీతో సరిచూస్తూ వాళ్లే రాయాలి.

పుట్టినప్పుడు ఆస్ట్రియా–హంగరీ, ఊరి పేరు లెంబెర్గ్. 1918 నవంబరులో కొన్ని వారాలు పశ్చిమ ఉక్రెయిన్ గణరాజ్యం. తర్వాత పోలండ్, ఊరు ల్వూవ్. 1939లో సోవియట్లు, 1941లో జర్మన్లు, 1944లో మళ్లీ సోవియట్లు, ఊరు ల్వోవ్. 1991లో ఉక్రెయిన్, ఊరు ల్వీవ్. మన ముసలమ్మ వంటింటి కిటికీ మాత్రం అదే.

మార్కులు తేదీలకు వేయకండి. ఆమె రాసినట్టుగా ఒక ఉత్తరం రాయించండి, ఏ రెండు మార్పుల మధ్యనైనా సరే. బడిలో భాష మారడం, డబ్బు మారడం, పక్కింటివాళ్లు కనిపించకుండా పోవడం, ఇవి వస్తున్నాయా లేదా చూడండి. మొదట్లో అమ్మాయి అడిగిన ప్రశ్నకు జవాబు నాకు ఈ ఉత్తరాల్లోనే దొరికింది.

టైముంటే: రైలు పట్టాలు

ఇప్పటి పోలండ్ రైల్వే మ్యాపు ఒకటి అదే స్కేలులో ప్రింటు తీసి, 1914 సరిహద్దుల్ని వేరే ట్రేసింగ్ మీద గీసి పైన పెట్టండి. 1795 కాగితం పెట్టకండి, 1815లో గీతలు మారాయని మరిచిపోవద్దు. ఒకప్పుడు జర్మనీ చేతిలో ఉన్న పడమటి భాగంలో పట్టాలు సాలెగూడులా కిక్కిరిసి ఉంటాయి. రష్యా చేతిలో ఉన్న తూర్పున పలచగా ఉంటాయి. చెరిపేసిన గీత నేల మీద మిగిలిపోయిందని కళ్లతో చూస్తారు. నేను దీన్ని ప్రశ్నగా వదిలేస్తాను. ఎందుకలా అన్నది వాళ్లే వాదించుకుంటారు.

పిల్లలు అడిగేవి

ఉక్రెయిన్ యుద్ధం గురించి తప్పకుండా అడుగుతారు. తప్పించుకోవద్దు, కానీ ఒక తేడా చెప్పండి: సైన్యాలు నిలబడ్డ చోటు యుద్ధరేఖ, దేశాలు ఒప్పుకున్నది సరిహద్దు. మొదటిదాన్ని ఎప్పుడూ చుక్కగీతతోనే గీయించండి.

"తెలంగాణ, ఆంధ్రా విడిపోవడం కూడా ఇలాంటిదేనా?" అని కూడా అడుగుతారు. కాదు. అది పార్లమెంటు చట్టంతో ఒకే దేశం లోపల జరిగిన మార్పు. ఆ రెండింటినీ కలపొద్దు.

అయినా మన నేల మీద ఇలాంటి ఉదాహరణ కావాలంటే 1800 తీసుకోండి. 1792, 1799 మైసూరు యుద్ధాల్లో టిప్పు నుంచి తనకు వచ్చిన నేలను నిజాం, ఈస్టిండియా కంపెనీ సైన్యం ఖర్చు కింద ఆ కంపెనీకే అప్పజెప్పాడు. బళ్లారి, కడప, అనంతపురం వైపు ప్రాంతాలవి. పేరు కూడా దత్త మండలాలు, అంటే ఇచ్చేసినవి. ఆ పేరు మాకొద్దని 1928లో నంద్యాల సభలో రాయలసీమ అని పెట్టుకున్నారు. వార్సా అమ్మాయి, నంద్యాల సభ, రెండూ పక్కపక్కన పెట్టి చెప్పి చూడండి.

తర్వాతి పాఠంగా ఇండియా, పాకిస్తాన్‌లను విడదీసిన 1947 రాడ్‌క్లిఫ్ రేఖ చేయొచ్చు. అంతకుముందు ఇండియాకే రాని న్యాయవాది, అయిదు వారాల పని, స్వాతంత్ర్యం వచ్చిన రెండు రోజులకు ఆగస్టు 17న బయటపెట్టిన గీత. భారతదేశ మ్యాపు గీయించేటప్పుడు మాత్రం సర్వే ఆఫ్ ఇండియా అవుట్‌లైన్ తప్ప ఇంకేదీ వాడకండి. తప్పుడు సరిహద్దులతో ప్రచురించడం మన చట్టం ప్రకారం నేరం, పిల్లల పని వాట్సాప్ గ్రూపులో పెట్టేముందు ఒకసారి చూసుకోండి.

చివరిగా కాగితాల సంగతి. ప్రతిదానికీ కుడి పైమూల నంబరు, ఏడాది రాయించి, అయిదింటినీ అడుగు మ్యాపుకు ఎడమ అంచున మాత్రమే క్లిప్పు పెట్టించండి, పుస్తకంలా తిరగేయొచ్చు. చుట్ట చుట్టనివ్వకండి, ట్రేసింగ్ పేపరు ఒకసారి వంకర తిరిగితే మళ్లీ చదును కాదు. పోయినేడాది ఒక జట్టు 1939ని 1922కు ముందు పెట్టుకుని, పోలండ్ లేకుండానే పోలండ్‌ను ఎలా పంచుకున్నారని నాతో అరగంట వాదించింది.